భీమిలిలో చేపల వేట ఫొటోలకు వెళ్తే, ముందు లాడ్జి గేటు సంగతి అడగండి

విశాఖ దగ్గరి భీమిలి తీరంలో పెద్దవల (ఒడ్డు మీద నిలబడి తాళ్లతో లాగే వల) లాగేవాళ్లను ఫొటోలు తీయాలని వెళ్లేవాళ్లు గది బుక్ చేసే ముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: తెల్లవారుజామున ఐదింటికి గేటు తీస్తారా? సముద్రం కనిపిస్తుందా, ఏసీ ఉందా, టిఫిన్ ఇస్తారా అన్నవన్నీ ఆ తర్వాతే.

సంక్రాంతి వెళ్లాక నేను, మా ఆయన, మా తమ్ముడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ చేరాం. ప్రయాణం హాయిగా సాగింది. స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి క్యాబ్ 950 రూపాయలు.

గది రాత్రికి 3,200. ఫోన్‌లోనే చెప్పాను, మేం వస్తున్నది పొద్దున్నే ఫొటోల కోసం అని. "మీ ఇష్టం మేడమ్, ఎప్పుడైనా వెళ్లొచ్చు" అన్నాడు మేనేజర్. తీరా ఐదుంపావుకి కిందికి దిగితే షట్టరుకి లోపల తాళం. రిసెప్షన్‌లో పడుకున్న కుర్రాడిని లేపాం. తాళంచెవి మేనేజర్ దగ్గరుందట, మేనేజర్ ఇంటికెళ్లాడట, ఫోన్ స్విచాఫ్. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, భయంతో పాపం మాతోపాటే నిలబడ్డాడు. బాల్కనీలోంచైనా తీద్దామని పైకెక్కితే పక్క బిల్డింగు నీళ్ల ట్యాంకు సగం సముద్రాన్ని కప్పేసింది. ఆరున్నరకి సూర్యుడు వచ్చేశాడు. ఒడ్డున రెండు వరసలుగా జనం తాడు పట్టుకుని నిలబడటం ఆ సందులోంచి కనిపిస్తూనే ఉంది. తాళం తీసింది ఆరు యాభైకి. లోపల మంటలు చెలరేగితే మా గతేమిటని మా ఆయన అడిగాడు. దానికి జవాబు లేదు. నేను ఒక రాత్రి డబ్బు వెనక్కి ఇమ్మంటే మాత్రం మేనేజర్ అన్న మాట ఇది: "సూర్యుడు రేపు కూడా వస్తాడు కదా మేడమ్." మూడు వేల రెండొందల్లో ఒక్క రూపాయి రాలేదు. మా ఆయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ గంట ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మనది తూర్పు తీరం, పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది. జనవరిలో విశాఖ వైపు సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. దానికి ఇరవై నిమిషాల ముందు ఆకాశం, నీళ్లు ఒకే నీలంలో ఉంటాయి, నీడలుండవు. సూర్యుడు వచ్చాక ఓ గంట వెలుతురు పక్కనుంచి, పల్చగా, పసుపుగా పడుతుంది. ఎనిమిది దాటాక ఇసుక, నీళ్లు రెండూ కళ్లు చెదిరేలా మెరుస్తాయి, తలపాగా కింద కళ్లు నల్లటి గుంటలైపోతాయి. ఇక కెమెరా ఎంత ఖరీదుదైనా చేసేది తక్కువ.

అదే రోజు సాయంత్రం సామాను సర్దుకుని దగ్గర్లోనే రిటైరైన ఒక దంపతుల ఇంట్లో దిగాం. రాత్రికి 1,500. సముద్రం కనిపించదు, గదిలో ఫ్యాను మాత్రమే. కానీ ఆ ఇంటి పిన్నిగారు రాత్రే గేటు తాళంచెవి నా చేతిలో పెట్టి, "వెళ్లేటప్పుడు చప్పుడు చేయకండమ్మా, ఆయనకి నిద్ర తక్కువ" అన్నారు. నాలుగుమ్ముప్పావుకి వంటింటి గట్టు మీద ఫ్లాస్కులో టీ ఉంది. అడక్కుండానే.

ఒడ్డుకి వెళ్లేసరికి పడవ వలను అర్ధచంద్రాకారంగా వదిలి తిరిగొస్తోంది. రెండు కొసల తాళ్లూ ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో ఉంటాయి. నడుముకి తాడు తగిలించుకుని వెనక్కి వాలి, అడుగులో అడుగు వేస్తూ లాగుతారు. వల ఒడ్డుకి చేరడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి హడావిడి పడక్కర్లేదు. నేను అందరిలాగే సూర్యుడి వైపు తిరిగి నల్లటి ఆకారాలు తీస్తుంటే, తాడు చుడుతున్న ఒక పెద్దాయన పిలిచాడు: "అమ్మా, ఇటు రా. నీళ్లేపు ఎల్లి మావేపు సూడు. ఎలుతురంతా మా మొకాల మీదే ఉంది కదా!"

నిజమే. లాగేవాళ్లు వెనక్కి నడుస్తారు కాబట్టి వాళ్ల ముఖాలు సముద్రం వైపే ఉంటాయి. మోకాలి లోతు నీళ్లలో సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే ఆ కొత్త ఎండ మొత్తం వాళ్ల ముఖాల మీద, బిగిసిన చేతుల మీద, తడి తాడు మీద పడుతుంది. ఈ యాత్ర మొత్తంలో నాకు దొరికిన గొప్ప చిట్కా ఇది, చెప్పింది కెమెరా ముట్టని మనిషి. అలల మీద ఓ కన్నేసి ఉంచండి, తాడుకి అడ్డం మాత్రం వెళ్లకండి.

సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు నీళ్ల మెరుపు చూసి కెమెరా బొమ్మ మొత్తాన్ని నల్లబరుస్తుంది. ముఖాలు కావాలంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాపు పెంచాలి, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుతురు రెట్టింపు చేయాలి, ఆకారాలే చాలనుకుంటే తగ్గించాలి. ఫోన్‌లోనైతే ముఖం మీద వేలు పెట్టి వెలుతురు జరుపుకోవచ్చు. మెరుపు తగ్గించే ఫిల్టరు, పోలరైజర్, ఆ వేళ సంచిలోనే ఉండనివ్వండి, ఉన్న కాస్త వెలుతురునీ తినేస్తుంది. ఉప్పు తుంపర తుడవడానికి మెత్తటి గుడ్డలు నాలుగైనా ఉండాలి.

వల ఒడ్డు చేరాక ఎక్కువగా నెత్తళ్లు, కొన్ని కానాగంతలు. నేను 200 రూపాయల నెత్తళ్లు కొన్నాను. పిన్నిగారు వాటిని చింతకాయ వేసి పులుసు పెట్టారు. భోజనానికి మనిషికి 120 తీసుకున్నారు. మా ఆయన మూడోసారి అన్నం పెట్టించుకుని, లాడ్జి మేనేజర్ని కూడా క్షమించేశానన్నాడు. నేను క్షమించలేదు.

సాయంత్రాలకి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు బాగుంటుంది. పొద్దు నేల వైపు వాలుతుంది, ఆ ఎండకి ఎదురుగా విసురువల గాల్లో విచ్చుకుంటే దారం దారం, బొట్టు బొట్టు వెలుగుతాయి. కెమెరా షట్టర్ వేగం వెయ్యో వంతు సెకను కంటే తగ్గకూడదు. జనవరిలో ఐదుమ్ముప్పావుకల్లా సూర్యాస్తమయం, నాలుగున్నరకే చేరుకోండి.

అక్కడే ఒకతను "ఫొటో ప్యాకేజీ" అని మా తమ్ముడి వెంటపడ్డాడు. అరగంటకి 2,000, అడిగినన్నిసార్లు వల విసిరిస్తానన్నాడు. పదింటి ఎండలో అలా విసిరించుకుంటున్న బృందాన్ని ఆ పొద్దునే చూశాం. విసిరిన మనిషిని తర్వాత అడిగితే తన చేతికొచ్చేది 300 అన్నాడు. దయచేసి ఆ మధ్యవాళ్లకి ఇవ్వకండి. ఇవ్వాలనుకుంటే వల పట్టిన చేతికే ఇవ్వండి.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి ఆటో 700 ఇచ్చి వెళ్లొచ్చాం. తెల్లారుతూనే వేలం, గంపల మధ్య కాలు పెట్టడానికి చోటుండదు. ఎండ నేరుగా పడని షెడ్డు అంచున నిలబడితే ఆడవాళ్ల ముఖాలు మెత్తగా వస్తాయి, కానీ అడిగి తీయండి. ఒకావిడ వద్దంది, కెమెరా దించేశాను. డ్రోన్ తీసుకెళ్లొద్దు, నౌకాదళం ఉన్న ఊరు, అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు అవుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మర పడవలు కదలవు, హార్బర్ బోసిగా ఉంటుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మంచివి. గది మాత్రం గేటు తాళం గురించి వాట్సాప్‌లో రాయించుకున్నాకే బుక్ చేయండి. ఫోన్‌లో అన్న మాట అక్కడ చెల్లలేదు.