చండీగఢ్ ప్లాజా, అమలాపురం సెంటర్

మా కోనసీమలో సెంటర్ అంటే రోడ్లు కలిసే చోటు. సాయంత్రం అమలాపురం గడియార స్తంభం దగ్గర నిలబడితే తెలుస్తుంది: బస్సు హారన్లు, ఆటోలు, అరటి గెలలు వేసుకొచ్చిన బండి, ఆ మధ్యలో మనవడి చెయ్యి గట్టిగా పట్టుకుని రోడ్డు దాటడానికి చూస్తున్న మామ్మగారు. కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి. కూర్చోవడానికి మాత్రం జానెడు చోటుండదు.

చండీగఢ్ సెక్టార్ 17 దీనికి పూర్తిగా వేరు. 1950ల్లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ఆ నగరానికి ప్లాన్ గీసినప్పుడే నడిబొడ్డున నడిచేవాళ్ల కోసమని ఈ ప్లాజా, అంటే విశాలమైన ఖాళీ చోటు, వదిలారు. బళ్లు బయటే ఆగాలి. చుట్టూ ఒకే తీరు కాంక్రీటు భవనాలు, కింద వరండాలు. పిల్లల్ని పరుగెత్తనిచ్చి నిశ్చింతగా కూర్చోవచ్చు. కానీ అంత విశాలమైన గచ్చు మీద మిట్టమధ్యాహ్నం నడవాలంటే కష్టమే.

నాకు అక్కడి ఖాళీ కావాలి, ఆ కాంక్రీటు కాదు. మన ఉక్కపోతకి రావిచెట్టు, దాని చుట్టూ అరుగు ఉంటే చాలు. బజ్జీల బండి అంచున ఉండాల్సిందే, అది లేకపోతే జనం రారు. సాయంత్రం ఓ మూడు గంటలు బళ్లు ఆపినా చాలు, మామ్మగారు ఆ చెయ్యి కాస్త వదులుతారు.