హెచ్‌సీటీ-116 అని నమ్మి కొన్న కణాలు హెచ్‌టీ-29గా తేలాయి: కొనేముందు జాగ్రత్త

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాలలో క్యాన్సర్ కణాలపై పనిచేస్తున్న తెలుగు మిత్రులకు మా ప్రయోగశాలకు జరిగిన నష్టం జరగకూడదని ఇది రాస్తున్నాను.

కంధమాల్ పసుపు నుంచి తీసిన కర్కుమిన్ పెద్దపేగు క్యాన్సర్ కణాలలో, కణితులు పెరగకుండా అడ్డుకునే పీ53 ప్రోటీన్‌పై ఏ ప్రభావం చూపుతుందో తెలుసుకోవడానికి, పీ53 జన్యువులో మార్పు లేని హెచ్‌సీటీ-116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాలను నిరుడు ఒక ప్రైవేటు సరఫరాదారు దగ్గర కొన్నాము. డబ్బా తెరిచేసరికి డ్రై ఐస్ అడుగున గుప్పెడే మిగిలి ఉంది. వయల్ (కణాలుంచే చిన్న సీసా) మీద పేరు మార్కర్‌తో చేత్తో రాసి ఉంది, లాట్ (ఒకేసారి తయారుచేసిన బ్యాచ్) నంబరు లేదు. అప్పుడే తిప్పి పంపవలసింది. కణాలు బతికాయి గదా అని ఊరుకున్నాము.

మెకాయ్స్ 5ఏ మీడియాలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) అవి చక్కగా పెరిగాయి. హెచ్‌టీ-29 అనే మరో రకం పెద్దపేగు క్యాన్సర్ కణాలకు వాడేదీ అదే మీడియా కనుక పెరుగుదలను బట్టి అనుమానం రాలేదు. ఏడు నెలల తరువాత, ప్రోటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష చేస్తే, ఏ మందూ వేయని కణాలలోనే పీ53 బ్యాండు నల్లగా, దట్టంగా కనిపించింది. డీఎన్ఏను దెబ్బతీసే డాక్సోరూబిసిన్ మందు వేసినా, మామూలు పీ53 పెంచే పీ21 ప్రోటీన్ పెరగలేదు. మార్పు చెందిన పీ53 కణంలో పేరుకుపోతుంది గాని పీ21ను పెంచలేదు, కాబట్టి వెంటనే, డీఎన్ఏ గుర్తులను బట్టి కణాలు ఏవో తేల్చే ఎస్‌టీఆర్ పరీక్షకు పంపాము. హెచ్‌సీటీ-116 పురుషుడి నుంచి తీసిన కణాలు. మా నమూనాలో వై క్రోమోజోమ్ జాడే లేదు, మిగతా గుర్తులన్నీ ఒక మహిళ కణితి నుంచి 1964లో తీసిన హెచ్‌టీ-29తో సరిపోయాయి. హెచ్‌సీటీ-116 అయితే కేరాస్ జన్యువులో ఉండవలసిన జీ13డీ మార్పు లేదు, హెచ్‌టీ-29లో ఉండే వీ600ఈ మార్పు బీరాఫ్ జన్యువులో ఉంది. మా విద్యార్థిని తన సిద్ధాంత గ్రంథంలో రెండు అధ్యాయాలు పక్కన పెట్టవలసి వచ్చింది.

అడిగితే సరఫరాదారు మరొకసారి ధ్రువపత్రం పంపారు. అందులోని ఎస్‌టీఆర్ అంకెలు అసలైన హెచ్‌సీటీ-116వే, అయితే పరీక్ష తేదీ లేదు, లాట్ నంబరూ లేదు. అంటే మాకిచ్చిన కణాలను ఎవరూ పరీక్షించలేదు.

కాబట్టి మీకు పంపే లాట్‌కే చేసిన, తేదీ వేసిన ఎస్‌టీఆర్ నివేదిక చూడనిదే డబ్బు చెల్లించకండి. వీలైతే పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోండి. ఎక్కడ కొన్నా, మొదటి పాసేజీలోనే (కణాలను మొదటిసారి కొత్త పాత్రలోకి మార్చి పెంచినప్పుడే) కొన్ని వయల్స్ భద్రపరచి, ఎస్‌టీఆర్‌తో పాటు, కణాలకు సోకే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఉందేమో తేల్చే పీసీఆర్ పరీక్ష కూడా చేయించండి. ఆ బ్యాక్టీరియాకు కణకుడ్యం (కణం చుట్టూ ఉండే గోడ) ఉండదు కనుక, ఆ గోడను దెబ్బతీసి పనిచేసే పెన్సిలిన్‌ను మీడియాలో కలిపినా దానిపై పనిచేయదు. వీడర్ పేరుతో దొరికే కణాలు కూడా హెచ్‌టీ-29 నుంచి వచ్చినవేనని, రెండింటినీ వేర్వేరు రోగుల కణాలుగా పోల్చకూడదని గమనించండి.

మా దగ్గర మిగిలిన రెండు వయల్స్ ద్రవ నైట్రోజన్‌లోనే ఉన్నాయి. నిరుడు ఇలాగే చేతిరాత లేబుల్‌తో హెచ్‌సీటీ-116 అందుకున్నవారు తమ ఎస్‌టీఆర్ నివేదిక పంపితే మా దానితో పోల్చి చెబుతాము.