వెనుక రాక్ బిగించి వెళ్లిన ప్రయాణం: నచ్చిన బసలు, నచ్చని షాపు

వీపు మీద బ్యాగు మోస్తూ రోజంతా బండి నడిపితే సాయంత్రానికి భుజాలు ఎలా పట్టేస్తాయో దూర ప్రయాణాలు చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే ఈసారి బైక్ వెనుక సామాను కట్టుకునే లగేజ్ రాక్ బిగించాకే కదలాలని గట్టిగా అనుకున్నా. దారిలో దిగిన బసలూ, తిరిగిన వర్క్‌షాపులూ ఎలా ఉన్నాయో ఇక్కడ రాస్తున్నాను కానీ నేను వాటిని చూసిన కోణం మాత్రం పూర్తిగా లగేజీ వైపు నుంచే. బెడ్‌షీట్లు ఎంత తెల్లగా ఉన్నాయన్నది నాకు రెండో విషయం, బండి ఎక్కడ పెట్టనిచ్చారు, బ్యాగు దింపి గదికి చేర్చడానికి ఎంత తిప్పలు పడాలి అన్నదే మొదటిది.

ముందు రాక్ సంగతి. అన్ని బండ్లకీ సరిపోతుందని చెప్పే రకాలు వెనుక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీని, అంటే గ్రాబ్ రైల్‌ను పట్టుకుని వేలాడతాయి, వాటిని నేను నమ్మను. గ్రాబ్ రైల్ తీసేసి ఫ్రేమ్‌లో అవే బోల్టు రంధ్రాలకు బిగిసే, మన మోడల్ కోసమే చేసిన స్టీల్ రాక్ తీసుకున్నా. అల్యూమినియంది తేలికే, తుప్పు గొడవ కూడా తక్కువ, కానీ దారిలో విరిగితే దాన్ని సరిగ్గా అతికే వెల్డర్ దొరకడం కష్టం. స్టీల్ అయితే మామూలు వెల్డింగ్ షాపులోనే పని అయిపోతుంది. ఇంకో మాట, రాక్ ఎంత లావుగా కనిపించినా దాని మీద రాసిన బరువు పరిమితి చూడాలి. చాలావాటికి 5 నుంచి 10 కిలోల లోపే ఉంటుంది, రాక్ మీద బిగించే టాప్ బాక్సు ఖాళీదే 3, 4 కిలోలు తూగుతుంది కాబట్టి అది పోగా మిగిలేది ఎంతో లెక్కేసుకోవాలి. నేను బాక్సు జోలికి పోకుండా మెత్తటి బ్యాగు కట్టుకున్నది అందుకే.

బిగించడానికి మొదట వెళ్లిన వర్క్‌షాపు నాకు అస్సలు నచ్చలేదు. రాక్‌తో వచ్చిన స్పేసర్లు (మధ్య ఖాళీలో పెట్టే ఇనుప గొట్టం ముక్కలు) పక్కన పడేసి, వాటి బదులు నాలుగైదు వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి బోల్టు దిగ్గొట్టబోయారు. అడిగితే "ఏం కాదు సార్, గట్టిగానే ఉంటుంది" అన్నారు. ఉండదు. స్పేసర్ పని ఖాళీ నింపడం ఒక్కటే కాదు, రాక్ పట్టీకీ ఫ్రేమ్‌కీ మధ్య ఇనుముకు ఇనుము ఆనేలా చెయ్యడం. అది లేకపోతే బోల్టు ఒత్తిడంతా మధ్యలో ఉన్న టెయిల్ ప్లాస్టిక్ మీద పడుతుంది. ప్లాస్టిక్ కొద్దికొద్దిగా నలిగి పలచబడుతుంది, అప్పుడు ఎంత బలంగా తిప్పిన బోల్టైనా వదులవుతుంది. పని అక్కడితో ఆపించి బండి బయటికి తెచ్చేశా.

రెండో షాపులో ఉన్న పెద్దాయన పనితనం చూస్తుంటే ముచ్చటేసింది. ముందు నాలుగు బోల్టులూ చేత్తోనే రెండు మూడు చుట్లు తిప్పి వదిలేశారు, ఏదీ బిగించలేదు. రాక్‌ను అటూ ఇటూ కదిపి సర్ది, అప్పుడు ఎడమ ముందుది, కుడి వెనుకది, ఇలా ఐమూలగా కొంచెం కొంచెంగా బిగిస్తూ వచ్చారు. ఒకవైపు పూర్తిగా బిగించేస్తే రెండోవైపు రంధ్రం కలవదు, అప్పుడు రాడ్డు పెట్టి ఎత్తి బోల్టును బలవంతంగా ఎక్కిస్తారు, ఫ్రేమ్‌లో మర పాడయ్యేది సరిగ్గా అక్కడే. బోల్టులు ఎం8 (8 మిల్లీమీటర్ల మందం), తల మీద గట్టిదనానికి గుర్తుగా 8.8 అని అచ్చు ఉన్నవి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపారు (మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి). మరకు, బోల్టు వదులవకుండా ఉంచే నీలం రంగు జిగురు, థ్రెడ్‌లాకర్ ఒక్కో చుక్క. ఎర్రది వాడితే తర్వాత విప్పడానికి వేడి చెయ్యాల్సి వస్తుంది. చివర్లో ఒక్కో బోల్టు తల మీంచి పట్టీ మీదికి తెల్ల పెయింటుతో సన్నటి గీత గీశారు. ఆ గీత ఎంత పనికొచ్చిందో కొండ మీద తెలిసింది.

హైవే మీద మొదటి రోజు మాత్రం ముందు చక్రం తేలికైనట్టు అనిపించి కాస్త టెన్షన్ పడ్డా. లెక్క వేస్తే కారణం తేలిపోతుంది. వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 1400 మిల్లీమీటర్లు అనుకోండి, వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్లు వెనక్కి 10 కిలోలు పెడితే ముందు చక్రం మీద దాదాపు 2.9 కిలోలు తగ్గుతుంది, వెనుక చక్రం మీద 12.9 కిలోలు పెరుగుతుంది. కావడికి ఒకవైపే కుండ కట్టినట్టన్నమాట. అందుకే మధ్యాహ్నం ఆగి బ్యాగు విప్పి మళ్లీ సర్దా. పనిముట్లు, తాళం గొలుసు లాంటి బరువైనవన్నీ పెట్రోల్ ట్యాంకు మీద కట్టే ట్యాంక్ బ్యాగులోకి, బట్టలు, రెయిన్‌కోటు వెనక్కి. బ్యాగును కూడా సీటుకు ఆనేలా ముందుకు జరిపి, సగం సీటు మీద, సగం రాక్ మీద ఉండేలా కట్టా. వెనుక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) ఒక మెట్టు పెంచి, టైర్లలో గాలి మాన్యువల్‌లో బరువుకు చెప్పినంత కొట్టించాక బండి దారికొచ్చింది.

హైవే పక్కన దిగిన హోటల్ గది శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది, రిసెప్షన్లో మర్యాదగా మాట్లాడారు. కానీ బండి సెల్లార్‌లో ఒక మూల, లిఫ్టు ఇంకో మూల. ఒక్క రాత్రికి ఫరవాలేదు, అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు.

కొండ మీద హోమ్‌స్టే మాత్రం నాకు ప్రాణం లేచొచ్చినంత పని చేసింది. గది చిన్నదే, వేడినీళ్లు అడిగితే కానీ రావు, చివరి మలుపు నుంచి ఇంటి దాకా కంకర దారి, లగేజీతో ఎక్కడానికి ధైర్యం కావాలి. అయినా బండి పెట్టుకోవడానికి కప్పు ఉన్న షెడ్డు ఇచ్చారు, గది గుమ్మం అక్కడి నుంచి నాలుగడుగులు, పైగా షెడ్డులో మంచి లైటు. పొద్దున్నే ఆ లైటు కింద కూర్చుని చూస్తే ఎడమ వెనుక బోల్టు మీద తెల్ల గీత రెండు ముక్కలై, వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది. ఘాట్ రోడ్డు కుదుపులకు తిరిగింది. చేత్తో కదిపితే రాక్ కదల్లేదు, చప్పుడూ లేదు, గీత లేకపోతే నాకు తెలిసేదే కాదు. ఇంటాయన అడక్కుండానే పానాల పెట్టె తెచ్చి పక్కన పెట్టారు. బోల్టు విప్పి, మర తుడిచి, మళ్లీ థ్రెడ్‌లాకర్ వేసి బిగించా. అది పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుందని ఇంకో రోజు అక్కడే ఉండిపోయా.

గతుకుల దారి దాటాక రాక్ కింది పట్టీ మలుపు దగ్గర పెయింటులో తుప్పు రంగు గీత కనిపించింది. అలాంటిది కనిపిస్తే గీరుకుపోయిందిలే అని వదిలెయ్యకండి, చాలాసార్లు లోపల పగులు మొదలై ఉంటుంది. దగ్గర్లోని వెల్డింగ్ షాపు చూడటానికి ఏమీ బాగోదు, కూర్చోడానికి స్టూలు కూడా లేదు, పని మాత్రం వంక పెట్టలేం. రాక్ బండి మీదుండగానే అతికెయ్యమని తొందరపెట్టిన ఇంకో కస్టమర్ మాటకు కూడా ఆ వెల్డర్ ఒప్పుకోలేదు, "విప్పి తెండి, లేకపోతే మీ వైరింగ్ పోతుంది" అన్నారు. నాదీ విప్పించి, పగులు చివర దాకా గ్రైండ్ చేసి, అతికి, మూలలో బలం కోసం చిన్న త్రికోణపు ముక్క కూడా వేశారు. దారి పొడవునా తీసుకున్న సర్వీసుల్లో నా మొదటి మార్కులు ఆయనకే.

ఆఖరి మజిలీ నది ఒడ్డున టెంట్లు. చోటు చాలా అందంగా ఉంటుంది, కానీ నేల మెత్తన, సైడ్ స్టాండు కింద పలకరాయి పెట్టకపోతే లగేజీతో బండి ఒరిగిపోవడం ఖాయం. బ్యాగు దింపాకే స్టాండు వెయ్యండి. చీకట్లోనే తిరుగు ప్రయాణం కాబట్టి బయల్దేరేముందు పక్క టెంటు వాళ్లని వెనక నిలబెట్టి టెయిల్ ల్యాంపు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు అన్నీ కనిపిస్తున్నాయో లేదో చూడమన్నా. బ్యాగు అంచు ఒక ఇండికేటర్‌ను సగం కప్పేస్తోందని చెప్పారు, సర్దుకున్నా. కొక్కేల రబ్బరు తాళ్లు నేను వాడను, జారితే కంటికి తగులుతాయి, లేదంటే చక్రంలో పడతాయి. బకిల్ ఉన్న పట్టీలే వాడతా, మిగిలిన కొసల్ని ముడేసి బ్యాగు కిందకి దోపేస్తా. అక్కడ కూడా అలాగే దోపి, పట్టీలు ఇంకోసారి లాగి చూసుకుని బండి తీశా.