పాత దస్తావేజుల అనువాదానికి వంటింటి టైమరు: మూడేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడి, బరంపురం వైపు పాత తెలుగు దస్తావేజుల్ని ఒడియాలోకి మార్చే పని ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఈ ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. అందుకే తాతల నాటి అమ్మకం కాగితాలు, పంపకాల కాగితాలు తెలుగులో ఉంటాయి, ఆఫీసుల్లో ఒడియా ప్రతి అడుగుతారు. పన్నెండు పేజీల కాగితం ఒక పూటలో తెమలదు. గంటలకొద్దీ సాగే ఈ పనికి మూడేళ్లుగా వాడుతున్నది వంటింట్లో వాడే డిజిటల్ టైమరు. 180 రూపాయలకు కొన్నాను.

అరచేతిలో పట్టే తెల్ల ప్లాస్టిక్ బిళ్ల. వెనక అయస్కాంతం, నిలబెట్టడానికి ఒక మడత కాలు, రిమోట్‌లో వేసే సన్న సెల్ ఒకటి. 99 నిమిషాల 59 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. నిమిషాలకొక బటను, సెకన్లకొక బటను, మొదలు-ఆపుకి ఒకటి. మొదటి రెండూ కలిపి నొక్కితే సున్నాకి వస్తుంది. కొనేముందు షాపులోనే ఒక పరీక్ష చెయ్యండి: ఒక నిమిషం పెట్టి, మోగాక ఆపి చూడండి. మళ్లీ 1:00 కనిపిస్తే పెట్టిన అంకె గుర్తుంచుకునే రకం. 0:00 దగ్గరే ఉండిపోతే వదిలెయ్యండి. 50 నిమిషాలు పెట్టుకునే ప్రతి విడతకీ 50 సార్లు బటను నొక్కాలంటే వారం తిరక్కుండానే దాన్ని సొరుగులో పడేస్తారు.

స్ప్రింగుతో తిరిగే గుండ్రటి టైమరు కూడా ఆరు నెలలు వాడి చూశాను. సెల్ అక్కర్లేదు, చెయ్యి తడిగా ఉన్నా తిప్పుకోవచ్చు. కానీ పదిహేను నిమిషాల లోపు పెట్టాలంటే ముందు సగం దాకా తిప్పి వెనక్కి తేవాలి, లేకపోతే స్ప్రింగు సరిగా బిగుసుకోక మధ్యలో ఆగిపోతుంది, గంట మోగదు. గంటకి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది, ఈ పనికి అదేం నష్టం కాదు. అసలు ఇబ్బంది టిక్కుటిక్కు. పాత రాతని నోట్లో చదువుకుంటూ పోతుంటే ఆ చప్పుడు ప్రతి మాటకీ అడ్డం పడుతుంది. పప్పు ఉడికించుకోవడానికి మంచి వస్తువే, చదువు పనికి కాదు.

ఫోన్లో ఉన్న టైమరు కచ్చితంగానే మోగుతుంది. వేరే యాప్ దింపుకుంటే మాత్రం, బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు దాన్ని వెనకాల ఆపేసే అవకాశం ఉంది. ఆ యాప్ వరకు ఆ ఆంక్ష తీసెయ్యాలి. అంతా సరిచేసినా, మోగింది ఆపడానికి ఫోను చేతిలోకి తీసుకుంటే పైన వాట్సాప్ సందేశాలు కనిపిస్తాయి. పది నిమిషాల విరామం అరగంట అవుతుంది. 180 రూపాయల బిళ్ల మీద ఆపే బటను తప్ప చూడ్డానికి ఇంకేమీ ఉండదు. దాన్ని ఎంచుకోవడానికి నాకు ఇదొక్క కారణం చాలు.

ఇక ఎన్ని నిమిషాలు పెట్టాలి? 1980ల చివర్లో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారపు వంటింటి టైమరుతో మొదలుపెట్టిన పద్ధతి అందరికీ తెలిసిందే: 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, నాలుగు విడతలకోసారి పెద్ద విరామం. ఉత్తరాలకీ బిల్లులకీ అది సరిపోతుంది. కలం ఎత్తకుండా అక్షరాలు కలిపి రాసే గొలుసుకట్టు రాతకి సరిపోదు. ఆ రాసినాయన చెయ్యి కంటికి అలవాటు పడడానికే పది నిమిషాలు పడుతుంది: ఎక్కడ కలం ఎత్తాడో, ఏ తలకట్టు మింగేశాడో. పట్టు దొరికిన పదిహేను నిమిషాలకే గంట కొడితే లేచి వచ్చాక మళ్లీ మొదటికొస్తాం. 50 పని, 10 విరామం ఈ పనికి కుదిరిన కొలత. 75 పెట్టి చూస్తే చివరి ఇరవై నిమిషాల్లో రాసిందంతా మర్నాడు దిద్దాల్సి వచ్చింది.

మోగగానే కలం వదిలెయ్యకూడదు. హద్దులు రాస్తున్నప్పుడు తూర్పు, దక్షిణం అయ్యాక లేస్తే, తిరిగొచ్చాక పడమర హద్దు పక్క ఆస్తి హద్దులతో కలిసిపోతుంది. నాలుగు హద్దులూ పూర్తిచేసి లేవాలి, అయితే అయిదు నిమిషాలకి మించకూడదు. లేచేముందు చీటీ మీద ఒక వరుస రాసుకోవాలి: ‘5వ పేజీ, 14వ వరుస, సాక్షుల పేర్లు మొదలు’. ఆ చీటీ ఉంటే కూర్చున్న నిమిషంలో పని అందుకుంటుంది. లేకపోతే వెతుక్కోవడానికే అయిదారు నిమిషాలు పోతాయి.

ప్రతి విడతకీ చీటీ మీద ఒక గీత గీస్తూ వస్తే నెల తిరిగేసరికి మన వేగం మనకి తెలుస్తుంది. నా లెక్క ఇది: విడి అక్షరాల రాతైతే విడతకి రెండు పేజీలు, గొలుసుకట్టు అయితే ఒకటి, చెదలు తిన్నదైతే అర పేజీ. పన్నెండు పేజీల గొలుసుకట్టు కాగితమంటే పన్నెండు విడతలు, సరిచూడ్డానికి మూడు. రోజుకి అయిదు విడతలకి మించి నిజంగా జరగదు, కాబట్టి మూడు రోజులు. కాగితం తెచ్చినవాళ్లకి నాలుగు రోజులని చెబితే మాట పోదు. గడియారం చూసి ‘పొద్దుటి నుంచీ చేస్తున్నాను’ అనుకునే రోజుల్లో ఈ లెక్క ఎప్పుడూ కుదరలేదు.

చెడిపోయేవి చెబుతాను. సెల్ ఏడాదిపైన వచ్చింది. అంకెలు పాలిపోతున్నాయంటే మార్చెయ్యాలి. వాడకుండా పెట్టేస్తే సెల్ కారి తెల్ల పొడి కడుతుంది, మా వైపు వానాకాలం చెమ్మకి లోపలి రేకులు కూడా పాడవుతాయి. ఆల్కలైన్ సెల్ కారితే దూదికి రెండు చుక్కల వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది రేకులు తుడిచి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి, బాగా ఆరాక కొత్త సెల్ వెయ్యాలి. రెండో ఏడు మొదలు బటను రెండుమూడుసార్లు నొక్కితే గానీ పలకలేదు. స్క్రూలు విప్పి, బటను కింది రబ్బరు గుండీని, బోర్డు మీద అది తాకే చోటిని స్పిరిట్‌తో తుడిస్తే సరైంది. చప్పుడు మరీ సన్నం. ఫ్యాను తిరుగుతుంటే పెద్దవయసు వాళ్లకి వినపడదు. బీరువా తలుపుకి అంటిస్తే రేకు కూడా కలిసి మోగుతుంది, తేడా బాగా తెలుస్తుంది.

సరిచూసే విడతల్లో ఒకటి అంకెలకే కేటాయించండి, 20 నిమిషాలు చాలు. మాటలు చదవకుండా విస్తీర్ణం, సొమ్ము, తేదీలు మాత్రమే వేలు పెట్టి పోల్చాలి. అలిసిన కంటికి ౩, ౬ ఒకలాగే కనిపిస్తాయి. పాత కాగితాల్లో ఏడాదిని ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో రాస్తే, దానికి 590 కలపాలి: ఫసలీ 1330 అంటే 1920 జులై నుంచి 1921 జూన్ దాకా. గుంటల దగ్గర మరీ జాగ్రత్త. ఒడిశాలో 25 గుంటలు ఎకరం, అంటే గుంట నాలుగు సెంట్లు. తెలంగాణలో 40 గుంటలు ఎకరం. ఆ అలవాటులో మార్చేస్తే ఎకరంలో 15 గుంటలు తేడా వస్తుంది. ఈ 20 నిమిషాల విడతని సాయంత్రం పెట్టకండి, మర్నాడు పొద్దున్న మొదటి పనిగా టైమరు పెట్టి కూర్చోండి.