"రేర్ ఎర్రర్ పెన్నీ" కొనేముందు బరువెంతో అడగండి

అమెరికాలో ఉంటూ పెన్నీలు (ఒక సెంట్ నాణేలు) సేకరించే మనవాళ్లకు ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర 1999 నాటి లింకన్ సెంట్ కొన్నాను. "రాగి పూత పడకుండానే అచ్చయిన మింట్ ఎర్రర్ (టంకశాలలో జరిగిన పొరపాటు), చాలా అరుదు" అని రాసి 85 డాలర్లు తీసుకున్నాడు. వచ్చింది మాత్రం యాసిడ్‌లో ముంచి పూత ఊడగొట్టిన మామూలు పెన్నీ.

కాటా మీద పెట్టగానే సంగతి తేలిపోయింది. 1982 దాకా సెంట్‌లో 95 శాతం రాగి, బరువు 3.11 గ్రాములు. ఆ ఏడాది మధ్యలోనే జింక్ బిళ్ల మీద పల్చటి రాగి పూత వేసే పద్ధతికి మారారు, బరువు 2.5 గ్రాములకు దిగింది. పూతలో ఉండే రాగి చాలా తక్కువ కాబట్టి, నిజంగా పూత పడని సెంట్ కూడా ఇంచుమించు అంతే తూగాలి. నాకొచ్చింది 2.2 తూగింది. భూతద్దం పెట్టి చూస్తే లింకన్ దవడంతా గరుకు, తేదీ అంకెల అంచులు కరిగి ఉన్నాయి, అక్షరాల సందుల్లో మాత్రం ఎర్రటి రాగి మరకలు మిగిలాయి. అడిగితే "పాతబడితే అలాగే ఉంటుంది" అన్నాడు. గట్టిగా పట్టుబడితే షిప్పింగ్ ఖర్చు కోసుకుని మిగతాది వెనక్కిచ్చాడు. ఇప్పుడు అదే ఫోటో కొత్త టైటిల్‌తో మళ్లీ అమ్మకానికి పెట్టాడు!

పాత రాగి సెంట్ గాలికి ముదురు గోధుమ రంగులోకి మారడం సహజం, అది పాడవడం కాదు. జింక్ సెంట్ల కథ వేరు. పూతలో ఎక్కడైనా చిన్న గీత పడి, అక్కడికి చెమటో, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు నీరో చేరితే, రాగీ జింకూ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో కరిగిపోయేది జింకే. లోపల తెల్లటి పొడి పేరుకుని పైపూత బుడగలుగా లేస్తుంది, తర్వాత నల్లటి గుంటలు పడతాయి. వీటినే కొందరు "బబుల్ ఎర్రర్" అని పేరుపెట్టి అమ్ముతున్నారు. అచ్చు వేసేటప్పుడు పూత కింద గాలి చిక్కి ఉబ్బిన సెంట్లు కూడా ఉంటాయి, కానీ అవి ఎంత మామూలంటే వాటికి దాదాపు విలువే ఉండదు.

ఇక "డబుల్ డై", అంటే అక్షరాలు, అంకెలు రెండుసార్లు పడినట్టు కనిపించే నాణెం. అసలైన దాంట్లో లోపం అచ్చుదిమ్మెలోనే ఉంటుంది. అందుకే అక్షరం లావుగా, మూలల్లో చీలినట్టు, రెండు రూపాలూ గుండ్రంగా ఉబ్బి కనిపిస్తాయి. 1955 నాటి ప్రసిద్ధ సెంట్‌లో తేదీ రెండుసార్లు పడటం కంటికే తెలుస్తుంది. కొట్టిన తర్వాత దిమ్మె కాస్త కదిలితే అక్షరం పక్కన చదునైన మెట్టు పడుతుంది. అది మెషీన్ డబ్లింగ్, దానికి పైసా ఎక్కువివ్వొద్దు. జింక్ సెంట్లలో అక్షరాల పక్కన పూత చీలి సన్నటి గీతలా జింక్ బయటపడుతుంది. దాన్నీ ఫోటోలో డబుల్ డై అని చూపించేస్తున్నారు.

1943 నాటి "రాగి సెంట్" అని ఎవరైనా అంటే ముందు అయస్కాంతం పెట్టండి. ఆ ఏడాది సెంట్లు ఉక్కువి, రాగి పూసి అమ్మినా అతుక్కుంటాయి. అతుక్కోలేదని సంబరపడొద్దు. 1948 నాటి సెంట్ మీది 8ని చెక్కి 3 చేసినవీ తిరుగుతున్నాయి.

2025 నవంబర్‌లో చెలామణి పెన్నీల ముద్రణ ఆపేశాక ఇలాంటి లిస్టింగులు నాకు మరీ ఎక్కువగా కనిపిస్తున్నాయి. జనం దగ్గర ఇంకా సుమారు 30 వేల కోట్ల పెన్నీలు ఉన్నాయని అంచనా. ముద్రణ ఆగినంత మాత్రాన ఇంట్లో డబ్బాలోవి అరుదైపోవు. పెద్ద మొత్తం పెట్టాలనుకుంటే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థల (నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చేవి) సీల్డ్ డబ్బాలో ఉన్నదే చూడండి. దాని నంబరు ఆ సంస్థ సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోతో నాణెంపై ఉన్న మచ్చలు కూడా పోల్చుకోండి, ఎందుకంటే డబ్బాలకూ నకిలీలు వస్తున్నాయి.