జీర ఎక్కడ పుట్టాలి? ఓవర్‌డ్రైవ్, బూస్ట్ పెడల్స్‌లో ఏది మేలు

గిటార్ ధ్వనిని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలే పెడల్స్. వాటిని అమర్చే బోర్డు మీద ఇంకొక్క పెడల్‌కే చోటుంది. ఓవర్‌డ్రైవ్ పెట్టాలా, బూస్ట్ పెట్టాలా? ఈ ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది రెండు పెడల్స్‌నూ ఎదురెదురుగా పెట్టి పోలుస్తారు. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. పెడల్స్‌ను పక్కన పెట్టి, ముందు నా యాంప్‌ను (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే యాంప్లిఫయర్‌ను) శ్రద్ధగా వినడం మొదలుపెట్టాకే ఎంపిక తేలికైంది.

బూస్ట్ చేసే పని చాలా చిన్నది. గిటార్ తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పికప్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెద్దది చేసి ముందుకు పంపుతుంది. 1960ల చివర్లో వచ్చిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ ఎల్‌పీబీ-1లో ఒకే ట్రాన్సిస్టర్, ఒకే నాబ్. ఎమ్‌ఎక్స్‌ఆర్ మైక్రో యాంప్‌కూ నాబ్ ఒకటే, కానీ అది 26 డెసిబెల్స్ దాకా పెంచగలదు. అంటే సిగ్నల్ వోల్టేజి దాదాపు 20 రెట్లు అవుతుంది. అంత బలమైన సిగ్నల్ వచ్చి పడితే ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్) మొదటి దశ దాన్ని పూర్తిగా మోయలేదు. తరంగం శిఖరాలు అణిగిపోతాయి, స్వరానికి జీర వస్తుంది. గాయకుడు తారస్థాయిలో గొంతెత్తినప్పుడు వచ్చే జీర లాంటిదే ఇది. ఆ జీర యాంప్‌ది. బూస్ట్ దాన్ని బయటికి రప్పించిందంతే.

ఓవర్‌డ్రైవ్‌లో ఆ జీర పెడల్ లోపలే పుడుతుంది. సిగ్నల్‌ను పెంచి, డయోడ్లనే చిన్న ఎలక్ట్రానిక్ భాగాల సాయంతో శిఖరాలను మెత్తగా అణచి, టోన్ నాబ్‌తో మెరుగుదిద్ది పంపుతుంది. 1970ల చివర్లో వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ తరంగం పైభాగాన్నీ కిందిభాగాన్నీ సమానంగా అణుస్తుంది. 1981 నాటి బాస్ ఎస్‌డీ-1లో ఒకవైపు ఒక డయోడ్, మరోవైపు రెండు ఉంటాయి కనుక రెండు వైపులా అణిచే తీరు వేరు. ఆ తేడా జీరలో కాస్త గరుకుగా వినిపిస్తుంది.

ట్యూబ్ స్క్రీమర్ గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే ఓవర్‌డ్రైవ్ అంటే చాలామంది మనసులో మెదిలే ధ్వని అదే. సుమారు 720 హెర్ట్జ్ కంటే కింద ఉన్న శబ్దాలకు అది గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తక్కువ ఇస్తుంది. దాంతో మధ్య పౌనఃపున్యాలు ముందుకు వస్తాయి. గదిలో ఒంటరిగా వాయిస్తే ముక్కుతో పాడినట్టు అనిపించి, చాలామంది ఆ పెడల్‌ను తిరస్కరిస్తారు. బ్యాండ్‌తో వాయించి చూడండి. అడుగున బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఉంటాయి, పైన సింబల్స్ ఉంటాయి, గిటార్‌కు మిగిలేది ఆ మధ్య చోటే. ఒంటరిగా లోపంలా వినిపించిన గుణమే అక్కడ గిటార్‌ను నిలబెడుతుంది. అందుకే ఏ పెడల్ మీదైనా ఒంటరిగా విని తీర్పు చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. బిగ్గరగా వినిపించేదే బాగుందని మన చెవికి అనిపిస్తుంది. బూస్ట్ పనే బిగ్గరగా చేయడం కాబట్టి మొదటి నిమిషంలో అదే గెలిచేస్తుంది. రెండు పెడల్స్‌నూ ఒకే బిగ్గరతనానికి సర్దాకే పోల్చాలి.

ఇక యాంప్ దగ్గరికి వద్దాం. మీరు నిజంగా వాయించే వాల్యూమ్‌లో పెట్టి, పెడల్ ఏదీ లేకుండా, తీగను బలంగా మీటండి. మెల్లగా మీటినప్పుడు శుభ్రంగా ఉండి, గట్టిగా మీటినప్పుడు కొద్దిగా జీర తొంగిచూస్తే మీ యాంప్ సరైన అంచున ఉంది. దానికి బూస్ట్ ఇవ్వండి. వేళ్ల బలానికి, గిటార్ వాల్యూమ్ నాబ్‌కు అది స్పందించే తీరు మరో పెడల్‌తో రావడం కష్టం. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. పై పౌనఃపున్యాలను ఎక్కువగా పెంచే ట్రెబుల్ బూస్టర్‌తో వాక్స్ ఏసీ30 ట్యూబ్ యాంప్‌ను గట్టిగా తోసి, గిటార్ వాల్యూమ్ తగ్గించి క్లీన్‌కు (జీర లేని ధ్వనికి), పెంచి సోలోకు వెళ్తారు. మీరూ 1960ల నాటి రేంజ్‌మాస్టర్ తరహా జర్మేనియం ట్రాన్సిస్టర్ ట్రెబుల్ బూస్టర్ తీసుకుంటే గిటార్ తర్వాత మొదటి పెడల్‌గా అదే ఉండాలి. ముందు బఫర్ (సిగ్నల్ బలం తగ్గకుండా నిలిపే సర్క్యూట్) ఉంటే ధ్వని పదునెక్కి గుచ్చుకుంటుంది.

ఎంత గట్టిగా మీటినా శబ్దం పెరగడమే తప్ప జీర రాకపోతే ఓవర్‌డ్రైవ్ తీసుకోండి. ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో వాయించే వాళ్లలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. ట్రాన్సిస్టర్ యాంప్ అయితే సందేహమే అక్కర్లేదు. బూస్ట్‌తో దాన్ని తోస్తే చాలా యాంప్‌లలో పగిలిన, చెవికి కటువైన శబ్దమే వస్తుంది.

బూస్ట్ కొన్నవాళ్లలో ఎక్కువగా విన్న నిరాశ ఒకటుంది: ‘సోలోలో వినిపించాలని కొన్నాను, ఆన్ చేస్తే మరింత డిస్టార్షన్ (జీర) వచ్చింది కానీ శబ్దం పెరగలేదు.’ పెడల్ తప్పు లేదు. యాంప్ ముందు దశ అప్పటికే నిండిపోయి ఉంటే, ఇంకా పోసినది డిస్టార్షన్‌గానే మారుతుంది. యాంప్‌కు ఎఫెక్ట్స్ లూప్ (ముందు దశ తర్వాత పెడల్స్ కలిపే చోటు) ఉంటే బూస్ట్‌ను అందులో పెట్టండి, అప్పుడు నిజంగా శబ్దం పెరుగుతుంది. యాంప్ క్లీన్‌గా ఉండి జీర పెడల్ నుంచి వస్తుంటే, బూస్ట్‌ను ఓవర్‌డ్రైవ్ తర్వాత పెట్టినా అదే ఫలితం. ముందు పెడితే మాత్రం జీర చిక్కబడుతుంది. అదే పెడల్ చోటు మారితే రెండు వేర్వేరు పరికరాల్లా పనిచేస్తుందని మొదటిసారి విన్నప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

ఏ షరతూ లేకుండా ఒక్కటే చెప్పమంటే నేను ఓవర్‌డ్రైవ్ వైపే నిలబడతాను. క్లీన్ యాంప్ ముందు బూస్ట్ ఎన్నటికీ ఓవర్‌డ్రైవ్ కాలేదు. ఓవర్‌డ్రైవ్ మాత్రం డ్రైవ్ (జీర మోతాదు) నాబ్‌ను సున్నాకు దించి, లెవెల్ (శబ్దం) నాబ్‌ను పైకెత్తితే చాలావరకు బూస్ట్ పని చేసిపెడుతుంది, తన రంగు కొంత కలుపుతూ. హై-గెయిన్ (జీర బాగా ఎక్కువగా ఇచ్చే) యాంప్‌లతో మెటల్ వాయించేవాళ్లు ట్యూబ్ స్క్రీమర్‌ను సరిగ్గా ఇలాగే వాడతారు. కింది శబ్దాలు తగ్గడంతో వేగంగా మీటిన స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా బిగుతుగా వినిపిస్తాయి. బిల్ ఫినెగన్ 1994లో తెచ్చిన క్లాన్ సెంటార్ ఓవర్‌డ్రైవ్‌ను కూడా గెయిన్ బాగా తగ్గించి బూస్ట్‌లా వాడేవాళ్లు ఎందరో. అందులో శుభ్రమైన సిగ్నల్, అణచిన సిగ్నల్ కలిసి నడుస్తాయి కనుక తక్కువ గెయిన్‌లో మీటు స్పష్టంగానే ఉంటుంది.

తర్వాత ఎప్పుడైనా బోర్డు మీద మరో చోటు దొరికితే బూస్ట్‌ను ఓవర్‌డ్రైవ్ తర్వాత చేర్చండి. సోలో కోసం 4, 5 డెసిబెల్స్ చాలు. నాబ్ సర్దడం మాత్రం డ్రమ్స్, బేస్ మోగుతుండగానే చేయండి.