స్క్లెరోడెర్మా పుండ్లకు భీమవరంలో పాద వైద్యం

పాలకొల్లు దగ్గరి పల్లెలో ఉంటున్న మా అక్కకు సిస్టమిక్ స్క్లెరోసిస్ ఉంది, అంటే చర్మం గట్టిపడి బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా జబ్బు. ఈ జబ్బులో చేతి వేళ్ల పుండ్లను అందరూ గమనిస్తారు గాని, కాళ్ల సంగతి రోగి తానుగా చెబితే తప్ప ఎవరూ అడగరు. ఆమె ఎడమ కాలి రెండో వేలి కొసన పడ్డ పుండు నెలల తరబడి మానకపోవడంతో, మధుమేహ రోగుల పాదాల కోసం భీమవరంలో నడుస్తున్న ఒక చిన్న క్లినిక్‌కు తీసుకువెళ్లాము.

అక్కడ ఆమెను మధుమేహ రోగులలో ఒకరిగా జమకట్టకపోవడం నాకు అన్నిటికన్నా నచ్చింది. మధుమేహంలో చాలామందికి స్పర్శ పోయి, నొప్పి తెలియకుండానే పుండు పెరుగుతుంది. స్క్లెరోడెర్మాలోనైతే సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, వేలి కొసకు రక్తం అందక పుండు పడుతుంది, నొప్పి విపరీతంగా ఉంటుంది. చీలమండ దగ్గర రక్తపోటు బాగానే ఉన్నా డాక్టరుగారు అంతటితో ఊరుకోకుండా, కాలి వేలికి చిన్న పట్టీ చుట్టి అక్కడి ఒత్తిడి కూడా కొలిచారు. చర్మం కింద కాల్షియం పేరుకుందా, ఎముకకు చీము పట్టిందా అని ఎక్స్‌రే తీయించారు.

అంతకుముందు వేరొక ఆసుపత్రిలో పుండు మీది నల్లటి పొరను రక్తం వచ్చేదాకా గీకడంతో పుండు మరింత పెద్దదైంది. రక్తప్రసరణ సరిగా లేని వేలి మీద, చీము లేనప్పుడు, ఎండిన పొరను కోయకూడదని ఇక్కడ స్పష్టంగా చెప్పారు. నొప్పి తెలియకుండా జెల్ రాసి, కాసేపు ఆగి, వదులుగా ఉన్న తునకలను మాత్రం తీసి, సెలైన్‌తో కడిగి, పుండుకు అంటుకోని డ్రెస్సింగ్ వేశారు. ఇంట్లో వాడుతున్న హైడ్రోజన్ పెరాక్సైడ్ మాన్పించారు. మందులు తాము మార్చకుండా, రక్తనాళాలను సడలించే నిఫెడిపిన్ వాడుతున్నా పుండు పడిందని, ఈ జబ్బుకు ఆమెను చూసే రుమటాలజిస్టుకు (కీళ్లవాత వైద్యుడికి) ఉత్తరం రాసి ఇచ్చారు. ఆయన రక్తనాళాలను సడలించే మరో మందు సిల్డెనాఫిల్ చేర్చారు.

చెప్పుల విషయంలో చూపిన శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు. ఈ జబ్బులో అరికాలి మెత్తదనం తగ్గి, వేళ్లు వంగిపోయి, కొసలు నేలకు ఒరుసుకుంటాయి. కాగితం మీద పాదం గీసుకుని, మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) అట్టతో లోతైన చెప్పులు చేయించారు. ఆమె చేతి వేళ్లు కూడా బిగుసుకుపోయి బకిల్ పెట్టుకోలేవని గమనించి, అడగకుండానే వెల్క్రో పట్టీలు వేయించారు.

ధనుర్మాసంలో తెల్లవారుజామునే చన్నీళ్లతో వాకిలి కడిగి ముగ్గు పెట్టడం మా అక్కకు చిన్ననాటి నుంచి అలవాటు. చలి తగిలితే రేనాడ్స్ (చలికి వేళ్ల రక్తనాళాలు ముడుచుకుపోయే సమస్య) వల్ల వేళ్లు తెల్లబడి, ఆ తర్వాత నీలంగా మారతాయి కనుక, కల్లాపి పని ఇంట్లో మరొకరికి అప్పగించి, ఎండ వచ్చాక మేజోళ్లతోనే బయటికి రమ్మన్నారు. వేడినీళ్లలో కాళ్లు పెట్టి కూర్చోవడం కూడా వద్దన్నారు.

లోపాలు లేకపోలేదు. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కాలి పుండుతో మెట్లెక్కడం నరకం. ఆదివారం డ్రెస్సింగ్ చేయరు. చెప్పుల ఖర్చు, ప్రత్యేక డ్రెస్సింగుల ఖర్చు మామూలు కుటుంబానికి బరువే.

పుండు నెమ్మదిగానే అయినా పూర్తిగా మానింది. వెళ్లేవారు పాత ప్రిస్క్రిప్షన్లతో పాటు రోజూ వేసుకునే చెప్పులు కూడా తీసుకువెళ్లాలి, వారు ముందుగా తిరగేసి చూసేది వాటినే. వేలు నల్లబడుతున్నా, చీముతో జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా పెద్దాసుపత్రికే వెళ్లాలని వారే చెప్పారు.